ఒంటి కమ్మ

మంట నీలంగా సన్నబడేదాకా ఆగి, ఆమె వెంట్రుకంత తీగ చివర టంకం ముక్కను నిలబెట్టింది. అది కాసేపు మొండికేసి, తర్వాత ఒక్కసారిగా మెత్తబడి, మెరిసి, అతుకులోకి జారిపోయింది. మంట ఊదే గొట్టం పక్కన పెట్టి గొలుసు కొసను నీళ్ళ గిన్నెలో ముంచింది. చుయ్యిమంది. రోజూ వినే చప్పుడే. ఈ రోజు మాత్రం ఎవరి నోరో మూయించినట్టు వినిపించింది ఆమెకి.

అది ఇరుకు దుకాణం. ఒక పక్క దర్జీ, ఇంకో పక్క తాళాలు బాగుచేసేవాడు, మధ్యలో మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత జాగా. కిటికీ కింద బల్ల. ఆమె కూర్చునే చోట బల్ల అంచు పొట్టకి ఆనేట్టు వంపుగా కోసి ఉంటుంది. రాలిన రజను నేల పాలు కాకుండా ఒళ్ళో తోలు సంచి వేలాడుతుంటుంది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. వాటిలో జత పోయిన కమ్మలు, ఆగిపోయిన గడియారాల డొల్లలు, కోటు గుండీలు, తెగిన గొలుసులు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు. పాతవి తెచ్చిచ్చి, మెడకో చేతికో పెట్టుకునేలా చేసిమ్మంటారు జనం. అదే ఆమె పని. తాతగారి కోటు గుండీ మనవరాలి ఉంగరమవుతుంది. పెళ్ళినాటి గొలుసులో మిగిలిన నాలుగు లంకెలు ఎవరి చేతికో పట్టీ అవుతాయి. ఒకసారి గడియారం డొల్లలో పిల్లాడి పాలపన్ను పెట్టి బిళ్ళ చేసిచ్చింది కూడా.

వయసు యాభై దాటింది. బల్ల మీదికి వంగి వంగి మెడ ముందుకే నిలిచిపోయింది. కుడి బొటనవేలి గోరు నల్లగా, వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. ఊరందరికీ నగలు చేసే మనిషి ఒంటి మీద మాత్రం పూసంత నగ ఉండదు. చెవుల రంధ్రాలు ఎప్పుడో పూడుకుపోయాయి.

వీధిలో వాళ్ళు చాటుగా ఆమెను పట్టకారు అంటారు. పట్టిందంటే వదలదని. ఆ సంగతి ఆమెకు తెలుసు. వినీ విననట్టుంటుంది గానీ లోపల ఇష్టమే. దర్జీ ఎప్పుడో ఒకసారి, ఒంటరి ఆడదానికి దుకాణమెందుకని ఎవరితోనో అన్నాడు. ఆ మర్నాడే ఆమె తన పంకాను తిప్పి పెట్టింది, వేడిగాలంతా అతని గుమ్మంలోకి పోయేట్టు. అప్పటినుంచీ దర్జీ వేసవంతా చెమటలు కక్కుతూ కుడుతున్నాడు. కారణం అతనికి ఇప్పటికీ తెలియదు. ఆమె చెప్పలేదు. చెప్తే ఆ తృప్తి సగం పోతుంది.

ఇక గొలుసు సంగతి ఉంది. వయసులో ఉండగా ఆమెను చేసుకుంటానన్న కంపౌండరు, ఒక చెడ్డమాట విని వెనక్కి తగ్గినవాడు, చాలా ఏళ్ళ తర్వాత ఈ దుకాణానికే వచ్చాడు. భార్య గొలుసు కొక్కెం ఊడిపోయిందని. ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె మర్యాదగా కూర్చోబెట్టి కొక్కెం వేసిచ్చింది. కంటికి ఏ లోపమూ కనబడదు. మెడ కాస్త అటూ ఇటూ తిప్పితే చాలు, మెల్లగా విడిపోతుంది. ఏడాది తిరక్కుండానే ఆ గొలుసు ఎక్కడో జారిపోయిందని విన్న రోజు, ఆమె సాయంత్రం ఒక టీ తాగే చోట రెండు తాగింది.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది అలాంటి పని కాదు. దీనికి కొక్కెం గట్టిగా వేసింది. ఎవరు లాగినా రాకూడదు.

అన్న కూతురు ఒక పాత పెట్టె పట్టుకొచ్చి పది రోజులు దాటింది. ఆ పిల్లను ఆమె ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, మీరే కదా?" అంది. గడ్డం మీద చిన్న నొక్కు చూడగానే ఎవరి పిల్లో తెలిసిపోయింది.

"అమ్మకి ఒంట్లో బాగోలేదు. ఆసుపత్రిలో ఇంక చెయ్యగలిగింది లేదని ఇంటికి పంపేశారు. తన పాతవన్నీ కలిపి ఒక్క హారం చేయించమంది. ఒకసారి వేసుకుని చూసుకుంటుందట. ఆదివారం చుట్టాలందరినీ పిలిచాం."

"ఊళ్ళో ఇన్ని దుకాణాలున్నాయిగా. ఇక్కడికే ఎందుకొచ్చావు?"

"అమ్మే చెప్పింది. మీ దగ్గరికే తీసుకెళ్ళమంది."

ఎంత పొగరు, అనుకుంది ఆమె. చావబోతూ కూడా నాచేత ఊడిగం చేయించుకోవాలనే. పైకి మాత్రం, "పెట్టు ఇలా," అంది.

ఆ పిల్ల ఒక్కొక్కటే తీసి చెప్పడం మొదలుపెట్టింది. ఇది అమ్మ మొదటి చేతిగడియారం, ఉద్యోగంలో చేరినప్పుడు కొనుక్కుంది. ఈ గుండీలు మా తాతయ్య కోటువి. ఇది నేను పుట్టినప్పుడు నా కాలికి కట్టిన మువ్వ. ఇది అమ్మ బీరువా తాళంచెవి, ఆ బీరువా లేదిప్పుడు. ఆమె వింటూ కూర్చుంది. ఇలాంటివి చాలా విన్నది. ఈ బల్ల ముందు కూర్చున్న ప్రతివాళ్ళ తల్లీ దేవతే, ప్రతివాళ్ళ తండ్రీ త్యాగమూర్తే. మనిషి పోగానే వస్తువుకి మంచితనం అంటుకుంటుందేమో. బతికున్నప్పుడు ఆ చేతులు ఎవరిని ఎక్కడ నెట్టాయో గుండీ చెప్తుందా, మువ్వ చెప్తుందా?

పిల్ల వెళ్ళిపోయాక పెట్టెను దులిపింది. లోపల ఎర్ర మఖమలు గుడ్డ మాసి, ఒక మూల ఎత్తుగా ఉంది. వేలితో నొక్కితే గట్టిగా తగిలింది. అంచు విప్పి చూస్తే, అడుగున, దారంతో నాలుగు కుట్లు వేసి బిగించిన కమ్మ.

ఎర్రరాయి చుట్టూ ఆరు రేకులు. ఒక రేకు విరిగితే నాన్న ఇంట్లోనే అతికాడు. చెయ్యి వణికి టంకం బొట్టు ఎక్కువైంది. రేకు మీద పుట్టుమచ్చలా నిలిచిపోయింది ఆ బొట్టు. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో పడుకుని ఆ మచ్చను వేలితో తడుముతూ నిద్రపోయేది.

ఆమె లేచి దుకాణం తలుపు మూసింది.

ఆ కమ్మల జత అమ్మమ్మది. అమ్మకొచ్చింది. "నా తర్వాత నీకేనే" అని అమ్మ అందరి ముందూ అనేది. ఒకరోజు అందులో ఒకటి కనబడలేదు. ఇల్లంతా వెతికారు. చివరికి వదిన అంది, కూర అడుగంటిందన్నంత మామూలుగా: "అత్తగారి గదిలో పడుకునేది మీ చెల్లెలొక్కతే కదా. కంపౌండరుకి డబ్బు అవసరమట." అంతే. అన్న కేకలేశాడు. ఆమె ఒట్టు పెట్టింది, ఏడ్చింది, పెట్టె బోర్లించి చూపించింది. అమ్మ మంచం మీద కూర్చుని గోడవైపు తిరిగింది. ఆ తిరగడం తిరగడం మళ్ళీ ఇటు తిరగలేదు. వారంలో ఆమె ఇల్లు వదిలింది. ఆ మాట కంపౌండరు ఇంటికీ చేరింది.

అమ్మ చివరి రోజుల్లో ఉందని తెలిసి వెళ్ళింది. గేటు దగ్గర వదిన ఎదురొచ్చి, తల దించుకుని, "లోపలికి రావద్దంటున్నారు," అంది. గేటు ఊచలు పట్టుకుని చీకటి పడేదాకా నిలబడి వెనక్కి వచ్చేసింది. తర్వాత ఈ దుకాణంలో ఉన్న ముసలాయన పనిలో పెట్టుకున్నాడు. పని నేర్పి, పోతూ పోతూ బల్ల అప్పగించాడు. అన్నీ గడిచిపోయాయి. ఒక్క వాక్యం మాత్రం గడవలేదు. ఏనాటికైనా ఆ కమ్మ వదిన దగ్గరే బయటపడుతుందని, అప్పుడు నలుగురిలో ఏమనాలో అని, మంట ముందు కూర్చున్నప్పుడల్లా ఆ వాక్యం చెక్కుకుంది. మొదట్లో చాలా పొడుగ్గా ఉండేది. శాపనార్థాలతో సహా. ఏళ్ళు గడిచేకొద్దీ అరిగి అరిగి రెండు ముక్కలు మిగిలాయి: "దొరికింది వదినా."

ఇప్పుడు నిజంగానే దొరికింది. మూర్ఖురాలు, కుట్టి దాచిన సంగతి మర్చిపోయి పెట్టె పంపింది. లేకపోతే నేను చూడనే చూడననుకుని ఉంటుంది.

అందుకే హారం అలా చేసింది. గుండీలు, మువ్వ, తాళంచెవి అటూ ఇటూ. గడియారం డొల్లను తీగలతో అల్లి నడుమ గూడులా మలిచి, ఆ గూట్లో కమ్మ. మనిషి మొహం చూసేవాళ్ళ చూపు ముందు అక్కడే పడుతుంది. మచ్చ ఉన్న రేకు పైకి వచ్చేట్టు తిప్పి మరీ కూర్చోబెట్టింది. ఆదివారం చుట్టాలందరి మధ్యా, వదిన తన మెడలో తన దొంగతనాన్ని తనే వేసుకుని కూర్చోవాలి. చూసినవాళ్ళు చూసినట్టు గుర్తుపట్టాలి. అప్పుడు మాత్రమే ఆ రెండు ముక్కలూ అనాలి.

ఈ పది రోజులూ ఆమెకు ఒకటే బెంగ. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "మీ అమ్మకెలా ఉంది? ఏమైనా తిందా? నిద్ర పట్టిందా?" అని అడిగేది. "అమ్మంటే మీకెంత ప్రేమ అత్తయ్యా," అనేది ఆ పిల్ల. వదిన బతకాలని అంత గట్టిగా కోరుకున్న మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉండి ఉండరు.

ఈ రోజే ఆదివారం.

కొక్కెం తడి ఆరాక మెత్తని గుడ్డతో రుద్దడం మొదలుపెట్టింది. ఇంతలో గుమ్మంలో నీడ పడింది. లావుపాటి మనిషి, చేతిలో రుమాలులో చుట్టిన కళ్ళజోడు పెట్టె. లోపల ఉన్నది వాళ్ళమ్మ దువ్వెన. సగం పళ్ళు లేవు. వెండి పిడి మాత్రం బాగుంది.

"దీన్ని ఏదైనా... నేను దగ్గర పెట్టుకునేలా," అన్నాడు, ఇంకేదో చెప్పబోయి ఏడ్చేశాడు.

ఆమె గుడ్డ పక్కన పెట్టి, మంచినీళ్ళ సీసా అతనివైపు జరిపింది. "కానివ్వండి. ఏడుపయ్యాక కొలత తీసుకుందాం."

అతను ఏడుస్తూనే నవ్వాడు. "చాలా కోపిష్టి మనిషండి మా అమ్మ. ఇదే దువ్వెనతో నెత్తి మీద మొట్టేది."

ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "మరి ఎందుకు దాచుకోవడం?"

"మొట్టేవాళ్ళు లేరు కదండీ ఇప్పుడు," అన్నాడతను.

మణికట్టు కొలత తీసుకుని పంపించేసింది.

మళ్ళీ గుడ్డ చేతిలోకి తీసుకుందో లేదో ఫోన్ మోగింది.

"అత్తయ్యా," అంది పిల్ల. "అమ్మ వెళ్ళిపోయిందత్తయ్యా. టీ కావాలంది. పెట్టి తెచ్చేలోపలే."

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే. చుట్టాలు అప్పుడే వచ్చేస్తున్నారు. అందరూ నవ్వుకుంటూ లోపలికొస్తున్నారు, ఏం చెప్పాలో తెలియట్లేదు. అత్తయ్యా, అది అయిందా? ఒక్కసారైనా వేస్తాను. తెస్తారా?"

"తెస్తాను," అంది ఆమె.

ఫోన్ పెట్టేశాక ఆమెకు ఏడుపు రాలేదు, జాలి రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది. ఒక్క పూట. ఇంకొక్క పూట ఆగలేకపోయిందా? అప్పుడు నోటి దగ్గర అన్నం లాక్కుంది, ఇప్పుడు ఇది కూడా. సుత్తి చేతిలోకి తీసుకుంది. బల్ల మీద హారం నిశ్చింతగా మెరుస్తూ ఉంది. కాసేపటికి సుత్తి కింద పెట్టింది. హారాన్ని బోర్లించి, ఎవరికీ కనబడని వెనకవైపు కూడా గుడ్డతో నున్నగా రుద్దింది. పని సగంలో వదలడం ఆమెకు చేతకాదు. తర్వాత కాగితంలో చుట్టి, తలుపుకి తాళం వేసి, బస్సెక్కింది.

ఆ ఇంటి గేటు రంగు మారింది. ఊచలు అవే. ఆపేవాళ్ళెవరూ లేరు. ఆమె ఒక్క క్షణం అలవాటు కొద్దీ ఆగి, తర్వాత తోసుకుని లోపలికి నడిచింది.

ముందుగదిలో మంచం వాల్చి ఉంది. దాని మీద వదిన. ఎంత చిన్నగా అయిపోయింది. మొహం గుప్పెడంత. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. ఈ మొహాన్నేనా ఇన్నేళ్ళు ఎదురుగా పెట్టుకుని మాటలు చెక్కింది? "దొరికింది వదినా" అన్న రెండు ముక్కలూ పనికిరాకుండా పోయాయి. ఎవరితో అనాలి?

గోడవారగా చుట్టాలు కూర్చున్నారు. చెవులు సరిగా వినబడని పిన్ని, అమ్మకి సొంత చెల్లెలు, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఉంది. అన్న మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, కళ్ళజోడు వచ్చింది. ఆమెను చూసి తల ఊపాడు. ఆమె ఊపలేదు.

పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుంది. పొట్లం విప్పి, హారం చూసి, మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. "అన్నీ ఉన్నాయి. నా మువ్వ కూడా." తల్లి తలను జాగ్రత్తగా ఎత్తి మెడలో వేసింది. సరిచేసింది. వెనక్కి జరిగి చూసింది.

"మధ్యలో ఇదేంటత్తయ్యా? నేనివ్వలేదే ఇది." మళ్ళీ వంగి చూసింది. "నాన్నా, అచ్చం నీ ఉంగరంలో రాయిలా లేదూ?"

అప్పుడు చూసింది ఆమె అన్న చేతివైపు. ఉంగరపు వేలికి ఎర్రరాయి. రెండో కమ్మ ఏమైందో ఇన్నేళ్ళకి తెలిసింది. అన్న ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

పిన్ని లేచింది. కర్ర పోటేసుకుంటూ మంచం దగ్గరికొచ్చి, వంగి, రేకు మీద మచ్చను వేలితో తడిమింది.

"ఇది అక్క కమ్మ కదే. పోయిందన్న కమ్మ." పిన్ని గొంతు సహజంగానే పెద్దది. గదంతా విన్నది. "దీని కోసమే కదా ఈ ఇంటి ఆడపిల్లని వెళ్ళగొట్టారు. మరి ఇది ఈవిడ దగ్గరకెలా వచ్చింది?"

అందరి చూపులూ వదిన మొహం మీదికి తిరిగాయి. వెనక ఎవరో, "చూడండి మనుషుల సంగతి," అన్నారు మెల్లగా. ఇంకెవరో నిట్టూర్చారు. పిల్ల అర్థంకాక అందరివైపూ చూస్తోంది.

సరిగ్గా ఆమె అనుకున్నట్టే జరుగుతోంది. ఎన్నిసార్లో కలగన్న చూపులు ఇవే. ఆమె వెన్ను నిటారుగా చేసుకుని నిలబడింది.

"ఒక్క నిమిషం ఇటు రా," అన్నాడు అన్న.

వంటింట్లోకి వెళ్ళాక తలుపు దగ్గరికి వేశాడు. పొయ్యి మీద ఎవరూ తాగని టీ చల్లారి మీగడ కట్టి ఉంది.

"తీసెయ్ దాన్ని. నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకు?"

"పోయిన మనిషిని బజారుకీడ్చడానికా తెచ్చావు?"

"నన్ను బతికుండగానే ఈడ్చిందిగా. దొంగసొత్తు ఎవరి పెట్టెలో ఉందో నలుగురూ చూడనీ."

అన్న గోడకి ఆనుకున్నాడు. కళ్ళు మూసుకుని, తనలో తను అనుకుంటున్నట్టు, "పారెయ్యమన్నాను," అన్నాడు. "పారేశానంది నాతో."

టీ గిన్నె మీద ఈగ వాలింది. ఆమె దానివైపే చూస్తూ, "ఏమన్నావు?" అంది.

అప్పుడు చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. అమ్మ పోయిన నెలకి పరుపు విప్పితే దూదిలో దొరికింది. ఎవరూ తియ్యలేదు. అమ్మ చెవినుంచే జారి కుట్టులోంచి లోపలికి పోయింది. "మీ వదిన ఏడ్చింది. ఇప్పుడే వెళ్ళి కబురు చేద్దామంది. నేనే వద్దన్నాను. నలుగురిలో అన్న మాట వెనక్కెలా తీసుకుంటాం? పెద్దవాణ్ణి, కాళ్ళ మీద పడమంటావా? పారెయ్యి, ఇంక ఆ ఊసెత్తకు అన్నాను."

"అమ్మ పోయేముందు గేటు దగ్గర ఆపింది ఎవరు?"

అన్న కళ్ళజోడు సర్దుకుని తల దించుకున్నాడు. అదే జవాబు. రావద్దంటున్నారు, అంది కదా వదిన. ఆ అంటున్నదెవరో ఇన్నేళ్ళు ఆలోచించనే లేదు.

"ఇప్పుడివన్నీ తవ్వుకుని ఏం లాభం," అన్నాడు అన్న. కాస్త ధైర్యం వచ్చింది గొంతులో. "పోయినదానికి ఏం తెలుస్తుంది? ఎవరేమనుకున్నా దానికి నొప్పుండదు. అలాగే అనుకోనీ. నీ మీద మచ్చ పోయింది, నాకూ పరువు దక్కుతుంది."

ఆమె అతని మొహాన్ని చాలా దగ్గరగా చూసింది, బల్ల మీద రాయిని చూసినట్టు. కోపం ఇప్పటిదాకా వేడిగా ఉండేది. అది చల్లబడి గట్టిపడింది. చెయ్యని దొంగతనం మొయ్యడం ఎలా ఉంటుందో ఈ ఇంట్లో తనకొక్కదానికే తెలుసు.

"ముందు నా నెత్తిన పెట్టావు," అంది. "ఇప్పుడు దించి ఆవిడ నెత్తిన పెడుతున్నావు. ఎప్పుడూ ఎవరో ఒక ఆడదాని నెత్తి కావాలి నీకు."

"చిట్టీ, నా మాట విను..."

"ఆ పేరుతో పిలవకు."

తలుపు తీసుకుని ముందుగదిలోకి నడిచింది. మూలనున్న కుర్చీని ఈడ్చుకొచ్చి మంచం తలవైపు, అందరికీ ఎదురుగా వేసింది.

"అన్నయ్య కమ్మ సంగతి చెప్తాడట. రా అన్నయ్యా, కూర్చో."

పిల్ల తన తండ్రి మొహంలోకి చూస్తోంది. ఆ చూపు లేకపోతే అతను గుమ్మం దాటి వెళ్ళిపోయేవాడేమో. వచ్చి కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరి మొహాలూ సరిగా కనబడకుండా.

"ఆ కమ్మ... ఎవరూ తియ్యలేదు. దొరికింది."

"ఎక్కడ?" అంది ఆమె.

"అమ్మ పరుపులో."

"ఎప్పుడు?"

"అమ్మ పోయాక."

"వదిన ఏమంది అప్పుడు?"

అతని పెదవులు కదిలాయి.

"కాస్త గట్టిగా చెప్పు. పిన్నికి వినబడదు."

"నీకు కబురు చెయ్యమంది," అన్నాడతను గట్టిగా. "నేను వద్దన్నాను. పారెయ్యమన్నాను. తప్పు నాది."

పిన్ని కర్ర నేలకేసి ఒక్కసారి కొట్టింది. పిల్ల తన తండ్రి పక్కనుంచి తప్పుకుని, మంచానికి అవతలివైపు వెళ్ళి, తల్లి చేతిని పట్టుకుని కూర్చుంది. అన్న తల ఎత్తలేదు. ఆమె అతనికి ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుని చూస్తూ ఉంది. కొత్తగా వచ్చేవాళ్ళు వస్తున్నారు. వచ్చినవాళ్ళకి ముందున్నవాళ్ళు చెవిలో చెబుతున్నారు. విన్నవాళ్ళు అతనివైపు చూస్తున్నారు. ప్రతి చూపునూ ఆమె లెక్కపెట్టకుండానే దాచుకుంది. ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదు.

మధ్యలో ఒకసారి వదిన మొహంవైపు చూసింది. కుట్టి దాచడానికి చేతులొచ్చాయి, నా గుమ్మం దాకా రావడానికి కాళ్ళు రాలేదా, అనుకుంది. మీ దగ్గరికే తీసుకెళ్ళమంది, అన్న పిల్ల మాట గుర్తొచ్చింది. ఆ నాలుగు కుట్లు తను పరపరా తెంపేసింది గానీ, చాలా చిన్నగా, శ్రద్ధగా వేసిన కుట్లు అవి. ఆవిడ మీద కోపం పూర్తిగా పోలేదు. అంత సులువుగా పోయే రకం కాదది. కాకపోతే ఇంక దాన్ని పెంచి పోషించాలనిపించలేదు.

పొద్దు వాలుతుండగా బండి వచ్చింది. పిల్ల తన తల్లి మెడలోంచి హారం తీసి, రెండు చేతులతో పట్టుకుని ఆమె దగ్గరికొచ్చింది.

"ఇది మీది అత్తయ్యా. మీ అమ్మగారిది."

ఆమె తీసుకోలేదు. హారాన్ని పిల్ల మెడ చుట్టూ తిప్పి, కొక్కెం తనే పెట్టింది. టక్కుమంది. మచ్చ ఉన్న రేకు పైకి వచ్చేట్టు సరిచేసింది.

"ఉంచుకో. మీ అమ్మే పంపింది. రోజూ పెట్టుకో."

"రోజూనా?"

"అన్నం తినేటప్పుడు కూడా. మీ నాన్నకి ఎదురుగా కూర్చునేటప్పుడు మరీ."

పిల్ల ఆమె కళ్ళలోకి చూసింది. మెల్లగా తల ఊపింది.

మంచం ఎత్తారు. జనమంతా లేచి గుమ్మంవైపు కదిలారు. ఎవరో రెక్క పట్టి లేవదీస్తే అన్న లేచాడు. గడప దగ్గర కాలు తగిలి తూలాడు, గోడ తడుముకుంటూ మెట్లు దిగాడు. బండి తలుపు పడిన చప్పుడు, తర్వాత గేటు చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. కాసేపుండి లేచి, కిటికీ మూసి, బయటికి వెళ్ళబోతూ కుర్చీ దగ్గర ఆగింది. పరుగెత్తి ఇస్తే బండి ఇంకా మలుపు దాటి ఉండదు. ఆమె పరుగెత్తలేదు. తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

కుర్చీలో అన్న కళ్ళజోడు వెల్లకిలా పడి ఉంది. ఒక కాడకి దారం చుట్టి, రెండు అద్దాల మీదా చెమట వేళ్ళ ముద్రలతో.